గింజ రాలేదాకా

మా మేనత్త పోయింది. భాద్రపదం వానల్లో, చిన్న జ్వరంతో. అరకు దగ్గర మా ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను సాలూరు బస్టాండులో ఉన్నాను. "అమ్మ లేదే" అంది వదిన, ఆవిడ కూతురు. అందరి ముందే ఏడ్చేశాను.

మా ఊరి మళ్ల కింద ఊటనేల ఉంది. ఏడాది పొడవునా కాలు దిగబడే బురద, దాన్నిండా నిలువెత్తు తుంగ. అత్త బతుకంతా ఆ తుంగతోనే. కోసి, చీల్చి, ఆరబెట్టి చాపలు నేసేది. తుంగ కాడ గుండ్రంగా ఉండదు, మీరు చూశారో లేదో. వేళ్ల మధ్య దొర్లించి, మూడు అంచులూ గట్టిగా తగిలితేనే కట్టలో వేసేది. ఆ నేల ఎండగట్టి అల్లం వేద్దామని ఎవరైనా అంటే, "ఇది ఎండితే కింద ఊటా ఎండుద్ది. అప్పుడేటి తాగుతావు, అల్లం రసమా?" అనేది. నవ్వేది మాత్రం కాదు.

గింజ రాలేదాకా కొడవలి దించనిచ్చేది కాదు. కార్తీకంలో ఊరంతా గట్టు మీద చేరితే, తనొక్కతే దిగి, ఒక తుంగ తలని అరచేతిలో దులిపి చూసేది. గింజ రాలితే "దిగండర్రా" అనేది. లేకపోతే అందరూ ఇంటికే. ఎవరైనా విసుక్కుంటే, "కడుపుతో ఉన్నదాని మీద కత్తెడతావేటి?" అని కసిరేది.

మా ఊళ్లో పోయినవాళ్లని కొత్త తుంగచాప మీద సాగనంపుతాం. ఎవరు పోయినా ఆ చాప అత్త నేసిందే. నిరుటి కోతలో మిగిలిన ఆఖరి చాప ఆషాఢంలో పక్కింటి తాతతో వెళ్లిపోయింది. తను పడుకునేది చిరుగుల చాప మీద.

నేను వెళ్లేసరికి మగవాళ్లు కొడవళ్లతో ఊటనేలకి బయల్దేరుతున్నారు, పచ్చి తుంగతోనైనా ఒకటి అల్లేద్దామని. వదిన గుమ్మంలో అడ్డం నిలబడింది.

"గింజ రాల్లేదు. కొయ్యొద్దు."

"మీ అమ్మ కోసమే కదే గుంటా" అన్నాడు మా నాన్న.

"అమ్మే వద్దంటాది మావా."

నాన్న కొడవలి చూరులో గుచ్చేశాడు. సంతలో కొన్న ప్లాస్టిక్ చాప, నెమలి బొమ్మది, దాని మీదే తీసుకెళ్లాం. నాకు ఒళ్లు మండిపోయింది, అత్త మీదే. ఇంతమందికి నేసి, నీకొక్కటి దాచుకోలేకపోయావా అని.

కార్తీకం వచ్చింది. మొన్న కోతకి అందరం వెళ్లాం. తుంగ తలలు గోధుమరంగుకి తిరిగాయి. గాలి వీచినప్పుడల్లా గింజలు నీళ్లలో రాలడం కళ్లకి కనిపిస్తూనే ఉంది. అయినా ఎవరూ దిగలేదు. కొడవళ్లు పట్టుకుని, అందరం గట్టు మీదే నిలబడి ఉన్నాం.