యాదగిరిగుట్ట క్యాంపు నుంచి కుమ్మరివాడ చెలిమె దాక

పొద్దు పొడవకముందే గుట్ట మీద సత్రం దొడ్డితలుపు తీసుకొని బస్టాండుకు నడిచిన. ముందటి తలుపు కాడ మా ఊరి తూర్పు పటేలు మనుషులు పండుకున్నరు. దర్శనమని జీపుల ఎక్కించుకొచ్చి, సర్పంచి ఎన్నిక దాక మమ్ముల ఐదుగురు పంచాయతి మెంబర్లను ఆడ ఉంచిన్రు. దీన్నే క్యాంపు అంటరు. తిండికి తక్కువ లేదు, కావలికీ తక్కువ లేదు. తెల్లారితే కర్పూరం ఆర్పించి, తూర్పు పటేలుకే చెయ్యి లేపుతమని ఒట్టు వెట్టించుకొని ఊరికి తోలుకపోతమన్నరు. ఆడమనిషి, చెప్పినట్టు వింటదనుకున్నరు.

మా కుమ్మరివాడకు బాయి లేదు. ఊర్ల తూర్పుకొక పటేలు, పడమటికొక పటేలు, ఇద్దరికి పడదు. తూర్పు బాయికి పోతే పడమటోళ్ల మనుషులని తరిమిన్రు, పడమటి బాయికి పోతే తూర్పోళ్లని తరిమిన్రు. ఎండకాలమంత వాగు ఇసుకల చెలిమె తోడుకొని తాగినం. మా వాడ నన్ను గెలిపించింది బాయి కోసం. పంచాయతిల అటు నలుగురు, ఇటు నలుగురు, నడుమ నేను.

భువనగిరి మీదికెల్లి చిట్యాలకు వచ్చేసరికి ఎండెక్కింది. బస్సు ఆడనే మారాలె. హోటల్ల ఉప్మా మంచిగుంటది, చాయ్ మాత్రం ఉత్త నీళ్లు.

నల్లగొండ బస్సుల గాజులమ్మే ఖాసీంబీ పక్కన కూసున్న. సంగతి విని జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చింది.

"ఒక్కదానివే పోతున్నవ్, భయం గాదా బిడ్డా?"

"నాకేం భయం? నన్ను తోలుకపోయినోళ్లకు ఉండాలె."

"గదీ మాట. మా గడప తొక్కనోళ్లు మొన్న ఓటు కోసం నా చాప మీద కూసున్నరు" అని నవ్వింది.

నల్లగొండల ఇంకో బస్సు మారి ఒంటిగంటకు దేవరకొండల దిగిన. పడమటి పటేలు ఎడ్లబండి ఆడ కాసుకొని ఉన్నది, క్యాంపు నుంచి ఎవరన్న జారితే పట్టుకుందామని.

"మా దిక్కు వచ్చినవ్, మంచిపని చేసినవ్ అక్కా" అన్నడు బండి తోలే మల్లయ్య.

"ఎవరి దిక్కు రాలే, నా ఊరికి వచ్చిన" అని నడిచే పోయిన.

మూడింటికి బడిల ఎన్నిక. తూర్పోళ్ల జీపు గూడ వచ్చింది. ఆఫీసరు చేతులు లేపుమన్నడు. అటు నాలుగు, ఇటు నాలుగు. జనమంత నన్నే చూస్తున్నరు.

"మా వాడల బాయి ఎవరు తవ్విస్తరో ఈడనే చెప్పుండ్రి" అన్న.

"సత్రం నుంచి పారిపోయొచ్చి బేరం చేస్తున్నవా?" అన్నడు తూర్పు పటేలు.

"బేరం గాదు. నన్ను పంపినోళ్ల పని."

ఆయన మొఖం తిప్పుకున్నడు. పడమటి పటేలు నేను తవ్విస్త, అందరు తోడుకోవచ్చన్నడు. ఆయన దిక్కు చెయ్యి లేపిన.

"సంబురపడకు పటేలా. బాయి పడకుంటే ఇదే చెయ్యి నీ మీద లేస్తది" అన్న.

తూర్పు పటేలు లేచి, "మల్ల ఎన్నికలల్ల చూస్త" అన్నడు.

"చూడు పటేలా. పోయిన ఎన్నికల లెక్క గడ్డివాములకు అగ్గి వెట్టకుండ, ఓట్లతోటే చూడు."

రేపు మెంబరయ్యేటోళ్లకు ఒక మాట. జీపు ఎక్కుమంటే ఎక్కకుండ్రి. ఎక్కాల్సొస్తే బస్సు కిరాయి కొంగుకు ముడేసుకొని ఎక్కుండ్రి.

పొద్దుగూకంగ ఇంటికొచ్చి, కుండ పట్టుకొని వాగుకు పోయిన. ఆ రోజు గూడ చెలిమె నీళ్లే తాగినం. కాని ఇంకెన్ని దినాలు తాగాల్నో పంచాయతిల కూసోని అడిగే జాగా ఇప్పుడు మాకున్నది.