అరువు స్పీకర్లు

తోర్కిల్ చేసిన ఆఖరి పని శనివారం పొద్దున సైకిలు మీద బేకరీకి వెళ్లి రొట్టెలు తేవడం. గసగసాలు చల్లినవి రెండు, ఉత్తవి రెండు. సంచీ వంటింటి బల్ల మీద పెట్టి, కోటు విప్పుతూ విప్పుతూ ఆ గుమ్మంలోనే కూలిపోయాడు. అంబులెన్స్ వచ్చేసరికి రొట్టెలింకా వేడిగానే ఉన్నాయి. ముందుగదిలో అరువు తెచ్చిన స్పీకర్లు రెండూ మాత్రం, పిలవని పేరంటానికి వచ్చిన చుట్టాల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి.

అతని భార్య బోదిల్‌కి వాటిని చూస్తే ఒళ్లు మండింది. మనిషి పోయాడు, ఇవి పోలేదు.

డెన్మార్క్ పడమటి కొసన, ఉప్పుగాలికి కిటికీ చెక్కలన్నీ ఊడిపోయే ఊరు అది. తోర్కిల్ ఫెర్రీలో ఇంజను మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. అయిన మర్నాడే మంచి మ్యూజిక్ సిస్టమ్ ఒకటి కొంటానన్నాడు. మరీ నాసిది వద్దు, మరీ గొప్పది వద్దు, పింఛనుకి తగ్గది చాలన్నాడు. ఇది విని బోదిల్ సంతోషించింది కూడా. ఒక వారం పని అనుకుంది పిచ్చిది.

ఊళ్లో స్పీకర్లూ రికార్డులూ అమ్మే మోగెన్స్ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. నచ్చిన సెట్టు శుక్రవారం ఇంటికి పట్టుకెళ్లి, సొంత గోడల మధ్య విని, సోమవారం తెచ్చివ్వాలి. అందరూ రెండు మూడుసార్లు పట్టుకెళ్లి, నాలుగోసారి కొనేవారు. తోర్కిల్ ఏళ్ల తరబడి పట్టుకెళ్లాడు. అదీ దొడ్డిదారిన, బోదిల్ నాయనమ్మ బొంతల్లో చుట్టి, కారు వెనకసీట్లో సీటుబెల్టు పెట్టి మరీ. ఆ ఊళ్లో డబ్బుండటం తప్పు కాదు, కనపడటం తప్పు.

"ఎవరైనా అడిగితే కుట్టుమిషను అని చెప్పు" అనేవాడు.

"రెండు కుట్టుమిషన్లా? ప్రతి వారమూనా? ఊళ్లో అందరికీ తెలుసు తోర్కిల్, నీకే తెలీదు వాళ్లకి తెలుసని."

సోఫా గోడవారకి పోయింది. ధ్వని తిరిగి కొడుతోందని ఆమె పూలకుండీలు బయటికి పోయాయి. గది నడిమధ్యన ఒకే ఒక్క కుర్చీ మిగిలింది. శబ్దం సరిగ్గా ఆ కుర్చీకే అందుతుందట, అంగుళం పక్కకి జరిగినా అందదట. బోదిల్ వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని అల్లుకునేది. పోనీ నోరు మెదుపుదామా అంటే, గిన్నెలు కడుగుతూ ఆమె కూనిరాగం తీసినప్పుడల్లా తోర్కిల్ లేచొచ్చి వంటింటి తలుపు వేసేసేవాడు.

"ష్. వింటున్నాను."

అతను తెప్పించుకునే పత్రికలని ఆమె పొయ్యి రాజెయ్యడానికి కూడా తగనివనేది. ఒక స్పీకరులో ధ్వని వెచ్చగా ఉంటుందని రాస్తారు, ఇంకోదాన్లో గాలాడుతుందని రాస్తారు. హీటరు తగ్గించి, రెండు స్వెట్టర్లు తొడుక్కుని, ఈ మహానుభావుడు వెచ్చటి ధ్వని వెతుక్కుంటున్నాడు! దుకాణంలో చేరే మిగతా ముసలాళ్లూ ఆ బాపతే. రికార్డుల్లో వెనకెక్కడో గ్లాసులు గలగలలాడటం, రైలు ఆగడం చెవులు రిక్కించుకుని వినేవారు. ఒక్కడూ ఒక్క పాటని చివరిదాకా విన్న పాపాన పోలేదు.

"ఇది కొనెయ్" అనేది బోదిల్ ప్రతి ఆదివారం. "నా ఇంట్లో నా సోఫా మీద నేను కూర్చోవాలి."

"ఇంకా దొరకలేదు."

"ఏం దొరకలేదు?"

"వినపడాల్సింది."

"జీవితమంతా ఇంజను పక్కన నిలబెట్టిన చెవులు నీవి. వాటికింక వినపడాల్సింది దేవుడి పిలుపొక్కటే."

"అది కూడా మంచి స్పీకర్లో అయితేనే."

వెతుకులాటంతా ఒకే ఒక్క రికార్డు మీద. ఆ ఊరి చర్చి గాయక బృందం ఏళ్ల కిందట ఒక క్రిస్మస్ ముందు పాడింది. పైకప్పు బాగు చేయించడానికి అమ్మితే ఎవరూ కొనక, పాడినవాళ్లే తలా ఒకటి కొనుక్కున్న రికార్డు అది. తోర్కిల్ అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. తిరిగొచ్చాక బోదిలే అతనికి కానుకగా ఇచ్చింది. అట్ట మీద ఫొటోలో రెండో వరసలో ఆమె ఉంది, నోరు ఇంతేసి తెరిచి.

తెరిచింది నోరే. పాట రికార్డు చేసి, ఫొటో తీసిన ఆ రోజు జలుబుతో ఆమె గొంతు పూర్తిగా పూడుకుపోయింది. చర్చిలో ఆర్గన్ వాయించి పాటలు నేర్పే మాస్టారు ఇంటికి పొమ్మనలేదు. "వరసలో సందు పడితే ఊడిన పన్నులా ఉంటుంది. నుంచుని పెదాలు కదుపు" అన్నాడు. కదిపింది. ఆమె పాడాల్సింది కూడా పక్కనున్న గెర్డాయే పాడేసింది. గెర్డాది కట్టుతప్పిన మేక గొంతు. మూడో చరణంలో అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. బోదిల్ జన్మలో క్షమించని విషయాల్లో అదొకటి. ఇదంతా మొగుడికి చెప్పాలని ఆమెకి తట్టలేదు. చెప్పుకునేంత గొప్ప సంగతీ కాదు.

ఆ శనివారం పొద్దున ఒకే ఒక్క తేడా జరిగింది. తోర్కిల్ రికార్డు విని "ఇదీ కాదు" అనలేదు. ఎవరికో ఫోన్ చేశాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి, ఊరికే ఆమెని చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటలా గుడ్లప్పగించి? తలుపెయ్, చలి" అంది బోదిల్.

తలుపు వెయ్యలేదు. రొట్టెలు తెస్తానని వెళ్లాడు.

అంత్యక్రియలయ్యాయి. ఇరుగుపొరుగు ఇళ్ల ముందు జెండాలు సగానికి దించారు. కాఫీలు తాగి, మంచివాడన్నారు. అలా అన్నవాళ్లలో గెర్డా గొంతే పెద్దగా వినిపించింది. తర్వాతి సోమవారం దుకాణం మోగెన్స్ వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"స్పీకర్లు అవిగో, పట్టుకుపో" అంది బోదిల్. "బొంతలు మాత్రం వదిలెయ్. ఇన్నేళ్లూ భలే ఆడించావయ్యా ముసలాణ్ణి."

"తీసుకెళ్లడానికి రాలేదు బోదిల్ గారూ. ఉంచుకుంటారేమో అడుగుదామని. ఇవి ఖాయం చేసుకున్నాడు. ఆ శనివారం పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు."

"ఖాయమా? వాడా? ఏం కలిసొచ్చిందట వీటిలో? గాలాడిందా?"

మోగెన్స్ టోపీ అటూ ఇటూ తిప్పాడు. ఆ తీరంలో మగవాళ్లకి ఇలాంటి మాట సొంత పెళ్లాంతో చెప్పడమే గగనం, ఇంకొకడి పెళ్లాంతో అంటే మరీను.

"మీతో చెప్పొద్దన్నాడు. మొదట్నించీ అతనికి ఒకటే కావాలి. ఆ చర్చి రికార్డులో మీ గొంతు. అంతమందిలో మీదొక్కటి విడిగా వినపడే సెట్టు. ఏదిచ్చినా, రెండో వరసలో బోదిల్ లేదు అని తెచ్చిచ్చేవాడు. ఆ రోజు ఫోన్లో, దొరికింది మోగెన్స్, ఎదురుగా నుంచుని పాడుతున్నట్టే ఉంది అన్నాడు."

బోదిల్ గోడవారనున్న సోఫా మీద కూర్చుంది.

"ఎక్కడ దొరికానన్నాడు?"

"మూడో చరణంలో."