నానబెట్టిన రోడ్డు ముక్కలు

"నీళ్లల్లకెల్లి తీసి సుత్తెతోని కొట్టినవా అమ్మమ్మా?"

"కొట్టిన. మెల్లగనే కొట్టిన. మోగుతయో లేదో సూడాలె గద."

"మోగనీకె అవి బండలా?"

"బండలు కాకుంటె లారీలను ఎట్ల మోస్తయే? ఒక్కటి సుత మోగలే. నీ పని ఇంక కచ్చాగనే ఉన్నది."

నా మనవరాలు నీళ్ల తొట్టి పక్కన కూలబడింది. ఆరు ముక్కల్లో రెండింటికి అంచు రాలింది.

తాండూరులో లారీలు మలుపు తిరిగే మూల దగ్గర తారు రోడ్డు ఏటా కుంగి గాడి పడుతుంది. అక్కడ కొత్త రకం వేయాలని చూస్తున్నారు. తారుతో కంకర కలిపి, కావాలనే సందులు వదిలి, ఆ సందుల్లోకి పల్చటి సిమెంటు పోస్తారు. తారు ఉంది కాబట్టి కొంచెం సాగుతుంది, సిమెంటు ఉంది కాబట్టి కుంగదు. వేయకముందే గుండ్రటి ముక్కలు చేసి, కొన్ని పొడిగా ఉంచి, కొన్ని నీళ్లలో నానబెట్టి, వికారాబాద్‌లో యంత్రం కింద నొక్కి చూస్తారు. నానినా బలం తగ్గకపోతే వానలకు నిలుస్తుందన్నట్టు. మనవరాలు అక్కడ ఉద్యోగంలో చేరాక తన చేత్తో చేసిన మొదటి పరీక్ష ఇది. అక్కడి తొట్టి కారుతోందని, తన పై సారును అడిగి మా వాకిట్లో నానబెట్టింది.

నేను మూడో తరగతిలో బడి మాని నాపరాళ్ల గనిలో పనికి పోయినదాన్ని. సుత్తె తాకిస్తే గణగణమన్నది మంచి బండ, బొంగురుగా పలికింది లోపల పగిలిన బండ. నాకు వచ్చిన పరీక్ష అదొక్కటే. తారు కలిసినది మంచిదైనా మోగదని ఆ రోజుదాకా తెలియదు.

"రేపే యంత్రం కింద పెట్టాలె. బలం తక్కువొస్తె నాకు పని రాదంటరు. ఇంకెప్పుడు నా చేతికియ్యరు."

"రాలిన దిక్కు కిందికి వెట్టు. ఎవరు సూస్తరు? గింత సిమెంటు వోసి పారేస్తవా?"

"అంచు రాలిన బండను నువ్వు మంచి బండలల్ల కలిపినవా ఎప్పుడన్న?"

కలపలేదు. మేస్త్రి తిట్టినా బొగ్గుతో గీత పెట్టి పక్కన వేసేదాన్ని. పైకి బాగానే కనిపించే బండ, పరిచాక నలుగురు నడిస్తే రెండయ్యేది. ఆ మాట దానికి చిన్నప్పుడు చెప్పింది నేనే. వస్తువు పారేయడం నాకు చేతకాదు. ఎవరు చూస్తారులే అనుకోవడం కూడా అంతకుముందు చేతకాలేదు. ఆ పూట ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

"నేనొస్త. మీ సారుకు నేనే చెప్త," అన్నాను.

"నువ్వేం చెప్పకు. నేను చెప్త. నువ్వు ఊకె పక్కన నిలవడు."

తెల్లారి ఆరు ముక్కలనూ తడిగోనెలో చుట్టుకుని వికారాబాద్ బస్సెక్కాం. అది చెప్పింది, నేను నిలబడ్డాను. సారు ముక్కలను తిప్పి చూసి, అన్నిటికీ సుత్తె దెబ్బ తగిలింది కాబట్టి ఇవి పనికిరావు, ఆరూ మళ్లీ చేయమన్నాడు. ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు, దానికే చెప్పాడు. అది కంకర జల్లెడ పట్టడానికి కూర్చుంది. నేను పదకొండు గంటల బస్సుకు తాండూరు వచ్చేశాను.