ఉప్పు లారీకి తగరం మాటు

మత్రావి రేకు పలక మీద చువ్వతో కొట్టుకుంటూ వీధిలోకి వచ్చాడంటే ముందు కోళ్లు లేచేవి, తర్వాత ఆడవాళ్లు లేచేవాళ్లు. చిల్లిపడ్డ కాగులూ, కారే కెటిళ్లూ పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు. కలియాంగెట్ రేవు దగ్గర్నుంచి లోపలి పొగాకు ఊళ్ల దాకా అతని సైకిలు ఎరగని దారి లేదు. వెనక చిన్న కొలిమి, తోలు తిత్తి, అతుకు వేసేందుకు రాగి మొన ఉన్న రెండు కాడలు, తగరం కడ్డీ, తగరం పట్టుకోవడానికి చల్లే నవాసాగరం పొట్లం. ఇరవై నాలుగేళ్ల వయసులో ఒక ఇంటి ముందు ఆగి, కాగుకి మాటు వేసి, నీళ్లు పోసి పైకెత్తి చూపించాడు. కింద ఒక్క చుక్క లేదు.

"కాగు కారట్లేదు సరే, నువ్వెందుకు అట్టా కారిపోతున్నావ్?" అని తలుపు చాటు నుంచి ఒక పిల్ల నవ్వింది. అతని చొక్కా చెమటతో తడిసి ఉంది. ఆ పిల్ల పేరు మునావరా. ఆ ఏడే ఇద్దరికీ పెళ్లయింది.

తర్వాత తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. చిల్లిపడిన గిన్నెని పారేసి కొత్తది తెచ్చుకోవడం జనానికి అలవాటైంది. రేకు చప్పుడుకి కోళ్లు కూడా లేవడం మానేశాయి. అరవయ్యో ఏట మత్రావి సైకిలుని గోడకి ఆనించి, భార్య వెంట ఉప్పు మడిలోకి దిగాడు. మడి ఆమెది, తల్లి వైపు నుంచి వచ్చింది. సముద్రపు నీటిని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్లించడం, నీళ్లు వెళ్లిపోయి తెల్లదనం మిగిలే దాకా ఆగడం, ఆ తెల్లదనాన్ని చెక్కపారతో గీకి కుప్ప చేయడం. ఆమె గీకేది, అతను తట్టల్లో మోసేవాడు, సగం దారిలో ఒలకబోసేవాడు.

"ఆ చేతులు ఎవరి దగ్గర అరువు తెచ్చావు? తిరిగిచ్చేసి నీ చేతులు నువ్వు తెచ్చుకో" అనేది మునావరా.

అతని వేళ్లకి లోహం భాష తెలుసు. ఉప్పు ఏమంటుందో వాటికి ఎప్పటికీ అర్థం కాలేదు.

ఆ ఏడు ఎండలు బాగా కాశాయి. అక్టోబరు ఆఖరికి మడి గట్టు మీద నూట ఇరవై సంచులు నిలబడ్డాయి. ఆర్నెల్ల ఎండని మూతి కట్టి వరుసగా పేర్చినట్టున్నాయి. పైన తాటాకు చాపలు కప్పారు. కానీ చాపలు మంచుకి ఆగుతాయి, వానకి ఆగవు. తొలి వాన పడిందంటే మడి గట్టు కూడా మునుగుతుంది. సంచులు సంచుల్లాగే ఉంటాయి, లోపల ఏమీ ఉండదు. రెండు రోజులుగా పడమటి దిక్కున మబ్బు పడుకుని ఉంది. ఆ ఉదయం అది లేచి కూర్చుంది.

మునావరా అక్క కొడుకు హొస్నాన్ లారీ తెస్తానని మాటిచ్చాడు. తెచ్చాడు కూడా. మడి దారి మొదట్లో లారీ ఆగింది. దాని వెనక, కనుచూపు మేర, తెల్ల మట్టి మీద నల్లటి గీత ఒకటి వచ్చింది.

"ఒరే, తిరిగెళ్లేప్పుడు దారి తప్పుతావని గీత గీసుకుంటూ వచ్చావా?" అంది మునావరా.

"నవ్వకే పిన్నీ. చాంబరు కారిపోతోంది" అన్నాడు హొస్నాన్. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఇంజను కింద ఆయిలు నిలిచే ఇనుప తొట్టి అది. ముప్పై ఏళ్ల పాత లారీ. పుట్టిన దగ్గర్నుంచీ ఉప్పే మోసింది. తడి సంచుల్లోంచి కారిన ఉప్పునీరు దాని కడుపు కిందంతా తిని పెట్టింది. అయినా నిన్నటి దాకా ఒక్క చుక్క కారలేదు.

"మరి నిన్న ఏమైంది?" అడిగింది.

"తనిఖీ ఉంది గదా అని అడుగంతా నీళ్ల పంపు పెట్టి కడిగించా. మడ్డి పోకపోతే ఉలితో గీకా. తళతళలాడింది. సాయంత్రానికి కారడం మొదలైంది."

"అంటే ఇన్నేళ్లూ మురికే దాన్ని కాపాడింది. నువ్వు స్నానం చేయించి చంపావు."

"సబ్బు పూశా, పూటాగింది. పొద్దున వెల్డింగు కొట్టుకి పోతే, వాడు మంట ముట్టించగానే ఆవగింజంత బెజ్జం చింతపిక్కంత అయింది. గుడ్డ కుక్కి ఇక్కడిదాకా తెచ్చా. ఇంక కదిలిస్తే ఇంజను పట్టేస్తుంది." అతను ఫోను చూపించాడు. "అందరికీ చేశా పిన్నీ. ఏ లారీ ఖాళీ లేదు. అందరికీ అదే మబ్బు గదా. కొత్త చాంబరు సురబాయా నుంచి రావాలి. నాలుగు రోజులన్నారు."

మునావరా సంచుల వైపు చూసింది, తర్వాత పడమటి వైపు. ఆమె మాట్లాడకపోవడం విని, గట్టు మీద కూర్చున్న మత్రావి లేచాడు.

లారీ కిందకి దూరి వెల్లకిలా పడుకున్నాడు. చాంబరుని గోటితో కొట్టాడు. ఒకచోట ఠంగుమంది. ఇంకోచోట ఎండుటాకులా గలగలమంది. మధ్యలో వెల్డింగు కాల్చిన చోట అసలు చప్పుడే లేదు.

"పలచ రేకుకి అంత మంట పెడతాడా ఎవడన్నా? మీగడ తియ్యడానికి గునపం వాడినట్టుంది" అన్నాడు కింద నుంచి. "ఇప్పు దీన్ని."

"ఏంటి ఇప్పేది?"

"చాంబరు. కాస్త వంకర కాగే గదా ఇది."

"బాబాయ్, ఇది సూపు కాచుకునే కాగు కాదు. దీని నెత్తిన ఇంజనుంది!"

"దాని నెత్తిన ఏముందో నాకెందుకు? అడుక్కి మాటెయ్యాలి, అంతేగా."

హొస్నాన్ పిన్ని వైపు చూశాడు. ఆమె అప్పటికే ఇంటి వైపు నడుస్తోంది. అరగంటలో సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. కొలిమి మీద సాలెగూళ్లు, తిత్తి తోలు ఎండి బిగుసుకుపోయింది. కొబ్బరి నూనె రాసి తనే మెత్తబరచడానికి కూర్చుంది.

"అట్టా నిలబడి చూస్తే మబ్బు ఆగుద్దా? ఇప్పరా" అంది.

లారీ కింద మొద్దులు పెట్టారు. తుప్పుపట్టిన బోల్టుల మీద కిరసనాయిలు పోసి, ఒక్కొక్కదాన్నీ బతిమాలి విప్పారు. తొట్టి కిందికి దిగింది. మిగిలిన ఆయిలు వంపేసి, వేడి బూడిద నీళ్లతో లోపలా బయటా కడిగి తుడిచి, మత్రావి దాన్ని రెండు చేతులా ఎత్తి ఎండకి అడ్డం పట్టాడు.

చింతపిక్కంత బెజ్జంలోంచి ఒక సూర్యుడు కనిపించాడు. దాని చుట్టూ చిన్న చిన్న చుక్కలు. పట్టపగలు ఆకాశం ఒకటి ఆ ఇనుములో దాక్కుని ఉంది.

"ఎన్ని?" అడిగింది మునావరా.

"పంతొమ్మిది."

మత్రావి తగరం కడ్డీని తీసి అరచేతిలో తూచుకున్నాడు. బొటనవేలంత మిగిలింది. పంతొమ్మిది మాట్లకి అది చాలదు. చాలాసేపు తొట్టి లోపలికి చూశాడు.

"మాట్లు కాదు. కళాయి. అడుగంతా పల్చగా ఒకే పూత పూసి, పెద్ద దానికి మాత్రం రేకు అతికిస్తా."

వంటనూనె డబ్బా రేకుని అరచేయంత కత్తిరించాడు. తొట్టి అడుగుని మెరుపు తేలేదాకా ఆకురాయితో రాశాడు. కొలిమి అంటుకుంది, తిత్తి మునావరా చేతిలో ఊపిరి తీసుకుంది. తొట్టి వేడెక్కాక నవాసాగరం చల్లాడు. తెల్లటి పొగ లేచి ముగ్గురి కళ్లలోనూ నీళ్లు తెప్పించింది. తగరాన్ని ఆనించాడు. మొదట గింజలా నిలబడింది, తర్వాత ఉన్నట్టుండి సిగ్గు విడిచి పరుచుకుంది. గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. నల్లటి ఇనుము మీద వెన్నెల పడింది. ఆ వెన్నెల మీదే, పెద్ద బెజ్జానికి డబ్బా రేకుని అతికించాడు. ఒలకబోసే చేతులు ఒక్క బొట్టు వృథా చేయలేదు.

ఆరాక బయటి వైపంతా సుద్ద రాసి, లోపల కిరసనాయిలు పోసి కూర్చున్నారు. ఎక్కడ కారితే అక్కడ సుద్ద నల్లబడుతుంది. మసీదు నుంచి మధ్యాహ్నం అజాన్ వినిపించింది. ముగ్గురూ సుద్దనే చూస్తున్నారు. మూల దగ్గర ఒక చుక్క నల్లబడింది.

"అయిపోయింది" అన్నాడు హొస్నాన్.

"నోర్ముయ్. ఒక్కటేగా" అంది మునావరా. రాగి మొనకి అంటుకుని మిగిలిన తగరంతో మత్రావి ఆ ఒక్కటీ మూశాడు. మళ్లీ సుద్ద, మళ్లీ కిరసనాయిలు. ఈసారి సుద్ద తెల్లగానే ఉండిపోయింది.

బోల్టులు బిగిస్తూ హొస్నాన్ ఆగాడు. "బాబాయ్, ఇంజను వేడికి తగరం కరిగిపోదూ?"

"గిన్నె కళాయి ఎప్పుడు కరుగుద్ది?"

"నాకేం తెలుసు?"

"మీ పిన్నిని అడుగు."

"ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మర్చిపోతే" అంది మునావరా. "పెళ్లయిన కొత్తలో మర్చిపోయా. వారం రోజులు తిట్టాడు."

"లోపల సూపు ఉన్నంతసేపూ కరగదు. నీ ఇంజన్లో మరిగేది ఆయిలు. అది నిండుగా ఉన్నంతకాలం తగరానికి ఏం కాదు. రోజూ పొద్దున్నే చూసుకో. ఒక్కరోజు మర్చిపోయావా, వారం కాదు, ఏడాది తిడతా."

హొస్నాన్ వెంట తెచ్చుకున్న కొత్త ఆయిలు పోశారు. లారీ దగ్గింది, ఇంకోసారి దగ్గింది, మూడోసారి గొంతు సవరించుకుంది. పక్క మడులవాళ్లు ఇద్దరు వచ్చి చెయ్యేశారు. నూట ఇరవయ్యో సంచి ఎక్కేటప్పటికి మబ్బు సగం ఆకాశాన్ని తీసేసుకుంది. గాలిలో తడి మట్టి వాసన ముందుగానే వచ్చేసింది.

రేవు గిడ్డంగికి తొమ్మిది కిలోమీటర్లు. మధ్యలో మత్రావి, కిటికీ పక్కన మునావరా. హొస్నాన్ కళ్లు దారి మీద కంటే, ఆయిలు తగ్గితే వెలిగే ఎర్ర దీపం మీదే ఉన్నాయి. ప్రతి గోతికీ మత్రావి చెవి ఒగ్గి, కాళ్ల కిందనుంచి వచ్చే చప్పుడు వింటున్నాడు. మునావరా అద్దంలోంచి వెనక రోడ్డు చూస్తోంది.

"గీత లేదు" అంది. కాసేపాగి మళ్లీ, "లేదు" అంది. అడక్కపోయినా దారి పొడుగునా చెబుతూనే ఉంది.

గిడ్డంగి గేటు దగ్గర లారీల వరుస. వీళ్ల వంతు వచ్చి, ఆఖరి సంచి కప్పు కిందికి చేరాక, అప్పటిదాకా మర్యాదగా ఆగినట్టు వాన మొదలైంది. రేకుల కప్పు మీద దాని మాట ఒక్కటే వినిపిస్తోంది. మునావరా ఒక సంచి మీద చెయ్యి పెట్టి నిలబడింది. పొడిగా ఉంది. ఎండ వేడి ఇంకా లోపలే ఉంది.

మత్రావి లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తొట్టి అడుగు మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు. వేడి ఉంది, చెమ్మ లేదు.

"ఏం తాతా, వానని చూసి లారీ కింద కాపురం పెట్టావా?" వెనక లారీ డ్రైవరు, పళ్లమధ్య లవంగం సిగరెట్టు కరుచుకుని వంగి చూశాడు.

మత్రావి అరచెయ్యి తిప్పి చూపించాడు. తుప్పు పొడి అంటుకుంది, ఆయిలు లేదు. "పొద్దున్న దీనికి పంతొమ్మిది బెజ్జాలు" అన్నాడు.

డ్రైవరు సిగరెట్టు తీసేశాడు. హొస్నాన్ ముఖం చూసి నిజమేనని నమ్మాడు. తల గోక్కున్నాడు. "నాది కూడా వారంగా చెమరుస్తోంది. ఒక్కసారి చూస్తావా?"

వాన హోరులో మునావరా కేకేసింది. మూలనున్న దుకాణంలో మొక్కజొన్న అన్నం, ఎండు చేప వేడిగా పెట్టించింది.

"వస్తున్నా" అన్నాడు మత్రావి.

ఆమె రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. రెండో లారీ కిందనుంచి గోటితో ఇనుము మీద కొట్టిన చప్పుడు ఒకటి, తర్వాత ఇంకొకటి, బదులుగా వచ్చాయి.