వెచ్చటి తువ్వాళ్ళు

పెద్దక్క బిగించిన జిప్పు మళ్ళీ ఊడిందన్న మాట ఆ వీధిలో ఎవరూ వినలేదు. ప్యాంటు నడుము వదులు చెయ్యమని ఎవరైనా వస్తే, "నోరు కట్టుకుంటే పోయేదానికి నా కళ్ళు పోగొడతావేం నాయనా" అని ఓ చురక అంటించేది. సాయంత్రానికల్లా కుట్టి, ఇస్త్రీ చేసి మరీ చేతిలో పెట్టేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "కొలతలు కుదర్లేదు" అని చెప్పి, నోట్లో గుండుసూదులతోనే నవ్వేది. అంత నోరున్న మనిషికి ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నోరు పడిపోయేది. ఆ రోజు స్టవ్ ఆపావా, లేదా? ఎవరడిగినా ఒకటే జవాబు.

"ఏమో."

అప్పట్లో ఆమె చెల్లెలూ, చెల్లెలి మొగుడూ ఉన్న ఇంట్లోనే ఉండేది. మరిది రాత్రి బస్సు నడిపేవాడు. పగలంతా వెనక గదిలో ముసుగుతన్ని పడుకునేవాడు. పక్కన బాంబు పడ్డా లేవడని చెల్లెలు వేళాకోళం చేసేది. లేచాక మాత్రం ముందుగా వదినగారి టీ కావాలి. "వదినా, నీ టీ ఒక్క గ్లాసు పడిందంటే తెల్లారేదాకా బస్సు దానంతటదే పోతుంది" అనేవాడు. "అయితే నువ్వు మధ్యలో దిగిపో, జనం బతికిపోతారు" అనేది పెద్దక్క. ఇద్దరికీ రోజూ అదో ఆట.

చెల్లెలిది మంచి హస్తవాసి. నడుం పట్టేసినవాళ్ళకీ, మెడ తిరగనివాళ్ళకీ నూనె రాసి మర్దన చేస్తుంది. రెండు వీధుల అవతల అందుకోసం ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ పనికి తువ్వాళ్ళు బోలెడు కావాలి. అన్నీ నూనె ఓడుతూ ఇంటికొచ్చేవి. మిషన్‌లో ఉతికి, డ్రయ్యర్‌లో ఆరేసేది. ఎవరో ఒకాయన ఓసారి వెచ్చటి తువ్వాలు వీపున పడగానే "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది" అన్నాడట. అంతే, అదే ఆమె పేరూ ప్రఖ్యాతీ అయిపోయింది. డ్రయ్యర్ చివర్లో చల్లగాలితో తిరుగుతుంది కదా, అంతవరకూ ఆగకుండా మధ్యలోనే ఆపేసి, కాలిపోతున్న తువ్వాళ్ళని గబగబా మడతపెట్టేది. వాటిని మూతున్న బుట్టలో అదిమి పేర్చి, వేడి పోకుండా చుట్టూ దుప్పటి కప్పేది. మధ్యాహ్నం కట్టిన బుట్టని సాయంత్రం మళ్ళీ వచ్చి బేరాలకి పట్టుకెళ్ళేది. "చూడక్కా, ఇంకా ఎలా కాగుతున్నాయో!" అని మురిసిపోయేది.

ఆ రోజు కూడా అలాగే బుట్ట కట్టి, వంటగది గుమ్మం పక్కన పెట్టి, అన్నం తిని వెళ్ళిపోయింది. తర్వాత కాసేపటికి పెద్దక్క కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి ఇంటికి తాళం వేసి బయల్దేరింది. మరిది లోపల నిద్రలో ఉన్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి మెట్లమీద జనం, కిటికీల్లోంచి పొగ. బాంబు పడ్డా లేవనివాణ్ణి ఆ పొగ కూడా లేపలేదు.

వంటగది, గుమ్మం, మిషన్లు అన్నీ ఒక్క ముద్దయిపోయాయి. మంటలార్పినవాళ్ళు వంటగది వైపునుంచే మొదలైందన్నారు. ఆఖరున బయటికొచ్చిందెవరని అడిగారు. నేనేనంది పెద్దక్క. స్టవ్ ఆపారా అన్నారు. వెనకాల మరిదిని మోసుకెళ్తుంటే అలా నిలదీస్తే ఎవరికి మాత్రం ఏం గుర్తుంటుంది? ఏమో అంది. ఇంకేం కావాలి లోకానికి! నిప్పు లేందే పొగ రాదంటూ వీధంతా తీర్పు చెప్పేసింది.

చెల్లెలు మాత్రం ఒక్కమాట అనలేదు. ఆస్పత్రి వరండాలో అందరి ముందూ అక్కని పట్టుకుని, "మా అక్కని ఎవరూ ఏమీ అనకండి. మతిమరుపు ఎవరికుండదు?" అంది. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత మంచి మనసో అన్నారు. మంచిమనసే, కాదన్నదెవరు? కానీ ఆ మాటతో పెద్దక్క నేరం ఖాయమైపోయింది. తిడితే తిరగబడొచ్చు, కొడితే ఏడవొచ్చు. క్షమించేసినవాళ్ళతో పోట్లాడేదెలా?

ఇద్దరూ ఇల్లు మారారు. కొత్తింట్లో దానంతటదే ఆగిపోయే కరెంటు పొయ్యి కొంది చెల్లెలు. అయినా పెద్దక్క ఏదైనా వండి పక్కకి జరగ్గానే, మంచినీళ్ళకన్నట్టు వంటగదిలోకి వచ్చి, పొయ్యిమీద అరచెయ్యి పెట్టి చూసేది. పనికి బయల్దేరి వీధి మలుపు దాకా వెళ్ళి, గొడుగు మర్చిపోయానంటూ వెనక్కొచ్చేది. మబ్బు తునక లేని రోజున కూడా గొడుగే! ఆమె పొయ్యి చూసి వెళ్ళేదాకా పెద్దక్క మిషన్ మీదనుంచి తలెత్తేది కాదు.

అంతకంటే భయపెట్టింది ఆమె జ్ఞాపకమే. మొదట్లో తన చెయ్యి స్టవ్ మర తిప్పినట్టు లీలగా తోచేది. కొన్నాళ్ళకి ఆ చెయ్యి మర దాకా వెళ్ళి ఆగిపోయేది. ఇంకొన్నాళ్ళకి స్టవ్ మీద పాలగిన్నె కనిపించసాగింది. ఆ గిన్నె అంచుకున్న సొట్ట కూడా కనిపించేది. చిరిగినచోట మాసిక వేసి వేసి, అసలు గుడ్డేదో మాసికేదో ఆమెకే తెలియకుండా పోయింది.

మధ్యాహ్నాలైతే మరీ ఘోరం. మరిది పడుకునే వేళకి వెనక గదిలో మంచం కిర్రుమనేది. ఈ ఇంట్లో వెనక గదే లేదు, మంచం ఎక్కడిది? అయినా వినిపించేది. తర్వాత అతని గొంతు. కోపంగా కాదు, టీ ఉందా అని అడిగినంత మామూలుగా. "స్టవ్ ఆపావా వదినా?" పెద్దక్క మిషన్ తొక్కుడు పెంచేది. ఆ చప్పుడులో కొట్టుకుపోతుందేమోనని, అక్కర్లేని గుడ్డపీలికల మీద కూడా ఊరికే కుట్లు వేసుకుంటూ పోయేది. ఈ వీధిలో మధ్యాహ్నం పూట ఆమె మిషన్ ఆగగా విన్నవాళ్ళు లేరు.

ఇలా మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు చెల్లెలు యథాప్రకారం బుట్ట కట్టి, గొడుగు కోసం వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళింది. పెద్దక్క ఆ పూట పొయ్యి వెలిగించనే లేదు. పొద్దుటి అన్నమే తిని కుట్టుకు కూర్చుంది. దారపు రీలు దొర్లి బుట్ట పక్కకి పోతే తీసుకోబోయి, లేస్తూ దానిమీద చెయ్యి ఆనించింది. జ్వరం మనిషి నుదుటి మీద వేసినట్టయింది. ఇందాక కట్టినప్పటికంటే ఇప్పుడు వేడెక్కువగా ఉంది. బుట్ట చల్లారాలి గానీ ఇదేం చోద్యమనుకుంటూ చూస్తుంటే, మూత సందులోంచి సన్నగా పొగ లేచింది.

పక్కన దీపం లేదు, అగ్గిపుల్ల లేదు. పొయ్యి అవతల గదిలో చల్లగా పడుంది. ఎవరూ ముట్టించని పొగ!

పెద్దక్క బుట్టని చెవులు పట్టుకుని బాల్కనీలోకి ఈడ్చింది. మూత కాస్త ఎత్తిందో లేదో, లోపల నల్లబడ్డ తువ్వాలు ఒక్కసారి భగ్గుమంది. గబుక్కున మూతేసి, నీళ్ళు పట్టి ఉంచిన బక్కెట్లు ఒకదాని తర్వాత ఒకటి గుమ్మరించింది. చెయ్యి బొబ్బలెక్కింది. చుట్టూ మాడిన నూనె కంపు.

ఆ కంపు ఆమెకి తెలుసు. ఆ రోజు మెట్లమీద కొట్టింది ఇదే. మాడిన పాలు అలా కంపుకొట్టవు. ఇన్నాళ్ళూ పాలగిన్నె అడ్డమొచ్చి ఈ వాసన గుర్తుకే రాలేదు!

"నేను కాదు" అంది పెద్దక్క, తడిసిన బాల్కనీలో చతికిలబడి. మళ్ళీ గట్టిగా అంది, నేను కాదని. నవ్వింది, ఏడ్చింది, కాలిన చెయ్యి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగింది. మూడేళ్ళ బరువు దిగేసరికి ఒళ్ళు తేలిపోయింది. ఆ వెంటనే లోపల్నించి కోపం తన్నుకొచ్చింది. మతిమరుపట! ఎవరికుండదట! రానీ, ఇవాళ దాని గొడుగూ దాని క్షమా రెండూ దానికే అప్పజెబుతాననుకుంది.

చెల్లెలు వచ్చింది. గుమ్మంలోనే కంపు పసిగట్టి, చేతిలో సంచి జారవిడిచి, పరుగున వంటగదిలోకే వెళ్ళింది. అక్కడి నుంచే, ఎప్పటిలాగే మెత్తగా అడిగింది.

"స్టవ్ మీద ఏం పెట్టావక్కా?"

పెద్దక్క పళ్ళు బిగించింది. తను చెబితే నమ్మదు. బయటివాడి నోటితోనే చెప్పించాలి. "బుట్ట కాలింది. డ్రయ్యర్ బాగుచేసే అతన్ని పిలు. పిలిచి కారణం అడుగు" అంది. చెల్లెలు తన కాలిన చేతికి మందు రాస్తుంటే గోడవైపు చూస్తూ కూర్చుంది.

అతను రానే వచ్చాడు. మాటకారి. డ్రయ్యర్ వెనక మూత విప్పి, ఫిల్టర్‌లోంచి పిడికెడు నూగు తీసి చూపించాడు. "ఇది రోజూ తియ్యాలమ్మా, నిప్పుకి ఇదంటే మహా ఇష్టం. కానీ ఈసారి తప్పు దీనిది కాదు" అని బాల్కనీలోకెళ్ళి బుట్ట కెలికాడు. నల్లబడ్డది పైనా కాదు, అడుగునా కాదు, సరిగ్గా నడుమ. "నూనె గుడ్డలా ఇవి? అదీ సంగతి. ఎంత ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడివేడిగా కుక్కిపెడితే లోపల్లోపలే రాజుకుంటుంది. బయటినుంచి నిప్పక్కర్లేదు."

"దుప్పటి కప్పితే?" అంది చెల్లెలు.

"ఇంకేం, గుడ్లు పొదగేసినట్టేగా! చల్లగాలి తిరిగేదాకా ఆపకూడదు. తీశాక విడివిడిగా పరిచి, పూర్తిగా చల్లారాకే మడతపెట్టాలి."

అడుగు, ఇంకా అడుగు, అనుకుంది పెద్దక్క లోపల.

"వెంటనే అంటుకుంటుందా?"

"గంటలు పట్టొచ్చమ్మా. అందరూ తలుపులేసుకుని ఎవరి దారిన వాళ్ళు పోయాక కూడా."

చెల్లెలు తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. ఎన్నిసార్లు కడిగినా నూనె మెరుపు పోని చేతులవి. చూస్తూ చూస్తూ ఆమె మొహంలో రంగు దిగిపోయింది. పెద్దక్క ఈ క్షణం కోసమే కదా ఇతన్ని పిలిపించింది! తీరా ఆ మొహం చూసేసరికి, నిద్రపోతున్న మొగుడి పక్కన నిప్పు పొదిగి వెళ్ళిన మనిషికి ఇక మీదట ఏ మధ్యాహ్నమూ కంటిమీద కునుకుండదని ఆమెకి తెలిసింది. ఆమెకి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

"అక్కా, అయితే ఆ రోజు..."

"ఆ రోజు స్టవ్వే" అంది పెద్దక్క.

చెల్లెలు తలెత్తింది.

"పాలు పెట్టాను. మంట తగ్గించాను గానీ ఆపలేదు. ఆ సొట్ట గిన్నెలో. తాళం వేసుకుని వచ్చేశాను." ఎక్కడా తడబడలేదు. మూడేళ్ళుగా రోజూ చూస్తున్నదే కదా, చెప్పడం ఎంతసేపు!

"గుర్తుందా నీకు?"

"ఉంది."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

బాగుచేసే అతను సంచి సర్దుకుని చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగిపోయాడు. చెల్లెలు ఒక్కసారిగా విరుచుకుపడింది. "మరి ఏమో అన్నావేం? మూడేళ్ళూ నా మొహం చూస్తూ ఏమో అన్నావే! నీ ఏమో పట్టుకునే బతికాను నేను. ఒకవేళ అక్క కాదేమో, ఇంకేదో అయ్యుంటుందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకుని, నీ చేతి అన్నం తిన్నాను. తెలిసే అన్నావా? తెలిసే నాతో క్షమించానని అనిపించుకున్నావా?" ఎప్పుడూ గొంతెత్తని మనిషి నోటికొచ్చినట్టల్లా తిట్టింది. ఆ తిట్ల కోసం పెద్దక్క ఎంత మొహం వాచిపోయిందో! వచ్చాక మాత్రం ఒక్కొక్కటీ ఎముకల్లో దిగింది.

"నా కళ్ళముందు ఉండకు. వెళ్ళిపో" అంది చెల్లెలు ఆఖరికి.

పెద్దక్క బట్టలు మూటగట్టుకుంది. కుట్టుమిషన్ ఒకటి మిగిలింది. ఇనప కాళ్ళది, ఒక్కరి వల్ల కదిలేది కాదు. అది పట్టుకుని కాసేపు గుంజుకుంది. చెల్లెలు గదిలోంచి విసురుగా వచ్చి రెండోవైపు పట్టింది. ఇద్దరూ మెట్టు మెట్టూ దింపారు. చెల్లెలు ఏడుస్తూనే ఉంది, తిడుతూనే ఉంది. ఒక్క మాట చాలు, అంతా తిరగబడుతుంది. ప్రతి మెట్టు మీదా ఆ మాట పెద్దక్క నాలుక చివరిదాకా వచ్చింది. మలుపు దగ్గర బొబ్బలెక్కిన చెయ్యి పట్టు తప్పితే, "చూసుకో, కాలి మీద పడుతుంది" అంది చెల్లెలు, తిట్టు మధ్యలోనే. పెద్దక్క పట్టు మార్చుకుంది. మిషన్ కింద దింపాక చెల్లెలు వెనక్కి తిరిగి చూడకుండా పైకెళ్ళి తలుపేసుకుంది.