బర్రెల తరఫున ఒక ప్రశ్న

1997. పటాన్‌చెరు దాటాక ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కెమికల్ విభాగం జూనియర్ లెక్చరర్‌ని. సెమినార్ కోఆర్డినేటర్ పని, అంటే అతిథిని పిలవడం నుంచి సభ నడపడం దాకా, నాదే.

ఒకసారి మందుల ఫ్యాక్టరీల సలహాదారు ఒకాయనను పిలిచాము. బావుల్లో ఎఫ్లుయెంట్, అంటే ఫ్యాక్టరీ వదిలే మురికినీరు, కలుస్తోందన్న రైతుల మాట నష్టపరిహారం కోసం ఆడే నాటకమని ఆయన పత్రికలో రాశాడు. మా పిల్లల్లో ఆ ఫ్యాక్టరీల పక్కనున్న గుమ్మడిదల వైపు ఊళ్లవాళ్లు చాలామంది. మూడో సంవత్సరం భాగ్య నా గదికి వచ్చింది.

"సార్, మా బాయి నీళ్లు బర్లు గూడ ముడ్తలేవు. మా నాయినను దొంగ అన్నాయనకు మేం సప్పట్లు కొట్టాల్నా?"

"ఆయన్ని రావద్దంటే మనకు జవాబు లేదనుకుంటాడమ్మా. వచ్చి అడుగు" అన్నాను.

నియమాలు రాసి గోడకు అంటించాను. నినాదాలు వద్దు, మధ్యలో అడ్డుపడొద్దు, ప్రశ్నలు చివర్లో, ఇంగ్లీషులో. ఇరుపక్షాలకూ న్యాయం చేశాననుకున్నాను. భాగ్య అది చదివి నేరుగా నర్సింలు దగ్గరికి వెళ్లింది.

నర్సింలు నాతోపాటే చేరిన లెక్చరర్. మార్కుల్లో నాకంటే తక్కువ. నన్ను "సార్" అనే పిల్లలే అతన్ని "నర్సన్న" అనేవాళ్లు. అతని బల్ల దగ్గర నవ్వులు వినపడితే నేను తలుపు వేసుకునేవాణ్ణి.

సభలో ప్రసంగం అడ్డు లేకుండా సాగింది. తర్వాత భాగ్య లేచి ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండో వాక్యానికే ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. కూర్చోబోయింది.

వెనక నుంచి నర్సింలు అన్నాడు: "కూసోకు భాగ్యా. ఇంట్ల ఇంగ్లీషుల కొట్లాడ్తవా ఏంది? తెలుగుల అడుగు. సార్, మీరు జెర కిందికొచ్చి కూసోన్రి, పిల్లల మెడలు నొస్తున్నయ్."

హాలంతా నవ్వింది. అతిథీ నవ్వి, వేదిక దిగి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

"మా నాయిన పైసల కోసమే అబద్ధమాడిండనుకోన్రి సార్" అంది భాగ్య. "బర్లకెవరు పైసలిస్తమన్నరు? అవెందుకు తాగుతలేవు?"

"మీ బావి నేను చూడలేదమ్మా" అన్నాడాయన. రాసింది వెనక్కి తీసుకోలేదు. కానీ ఆ మాట భాగ్య ముఖం చూసే చెప్పాడు.

స్టాఫ్ రూములో ప్రిన్సిపాల్ మెచ్చుకున్నది నర్సింలునే. "నీ నియమాలు మంచిగున్నయ్ తమ్మీ, ఒక్క ఇంగ్లీషే అడ్డం పడ్డది" అన్నాడు నర్సింలు నాతో. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. అదే ఎక్కువ మండింది.

నచ్చనివాణ్ణి పిలవడం తప్పు కాదని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. కానీ ఆ వచ్చినవాడు ఎవరి గురించి మాట్లాడాడో వాళ్లకు అదే హాలులో నోరు పెగలాలి. ఇది నాకు నేర్పింది నర్సింలు కాకుండా ఇంకెవరైనా అయితే ఎంత బాగుండేది.