చక్కెర చీమను గీసిన మనిషి

నా భర్త కార్టూనిస్టు అని జర్మనీలో, హానోవర్‌లో ఎవరికైనా చెబితే, పిల్లల బొమ్మల సినిమాలకు పనిచేస్తాడనుకునేవారు. కాదండీ, రాజకీయ కార్టూన్లు అనేదాన్ని. "అవునా, ఏ పత్రికకు?" అని అడిగేవారు. ఆ ప్రశ్న దగ్గర నేను మాట మార్చేసేదాన్ని. అప్పటికి ఆయన ఏ పత్రికకూ గీయడం లేదు.

మాది తెలంగాణలో చెరుకు పండే జిల్లా. అక్కడి పేపర్లో, జిల్లా పేజీలో, రోజూ కింది మూలన ఆయన బొమ్మ వచ్చేది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో మా నాన్న ఆ బొమ్మను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాడు. నాన్నకు రెండెకరాల చెరుకుండేది. ఒక చుట్టాల పెళ్లిలో, బంతిలో కూర్చున్న బక్కపలచటి మనిషిని చూపించి, "గా చీమ పిలగాడు గీయనే బిడ్డా" అన్నాడు. అలా చూశాను ఆయన్ని మొదటిసారి. పప్పు వడ్డించేవాడితో ఏదో జోకు వేసి, వాడు నవ్వితే తనూ నవ్వుతున్నాడు.

చీమ పిలగాడు అనే పేరు ఊరికే రాలేదు. మా ప్రాంతంలో చక్కెర ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా ఒకే కంపెనీ చేతిలోకి పోయాయి. చెరుకు అమ్మాలంటే వాళ్లకే అమ్మాలి, వాళ్లు చెప్పిన ధరకే. ఆ కంపెనీ ఓనరును ఆయన చీమలా గీసేవాడు. తెల్ల చొక్కా, నల్లద్దాలు, నడుముకు తాళంచెవుల గుత్తి. ఓనర్లను అందరూ లావుగా గీస్తారు కదా, నువ్వెందుకు ఇంత సన్నగా గీస్తావని పెళ్లయిన కొత్తలో అడిగాను.

"లావోళ్లు కనపడతరు. చీమ కనపడదు. పొద్దుగాల డబ్బా మూత తీసినంకనే ఎరుకైతది" అన్నాడు.

మా వైపు ఎవరికీ ఆ బొమ్మను వివరించాల్సిన పనిలేదు. ప్రతి వంటింట్లో చక్కెర డబ్బా నీళ్ల పళ్లెంలో నిలబడి ఉంటుంది. దిగుమతి సుంకం అంటే ఏమిటో మా నాన్నకు అర్థమైంది కూడా ఆ చీమ వల్లే. ఆ బొమ్మ రెండు గళ్లుగా ఉండేది. మొదటి దాంట్లో చెరుకు కోతల కాలం, సముద్రం ఒడ్డున ఒక గేటు. చీమ ఆఫీసరుతో అంటుంది: "గేటు జర తెరువు సారూ, రైతుల చెరుకు తియ్యగైంది." సుంకం తగ్గి బయటి దేశపు చక్కెర దిగుతుంది, ఇక్కడ చెరుకు ధర పడిపోతుంది. రెండో గడిలో కోతలు అయిపోయాయి, చీమ గోదాములు నిండాయి. "గేటు ఇగ ముయ్యి సారూ, నా చక్కెర తియ్యగైంది." సుంకం పెరుగుతుంది, చాయ్ తాగేవాడి జేబు ఖాళీ అవుతుంది. నాన్న ఆ రెండు మాటల్నీ చాయ్ హోటల్లో చీమ గొంతు పెట్టి చెప్పి అందరినీ నవ్వించేవాడట. నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్లు కూడా దాన్ని తలుచుకున్నారు.

ఆ బొమ్మ వచ్చాక పేపరుకు కంపెనీ ప్రకటనలు ఆగిపోయాయి. ఎడిటర్ పిలిచి, చీమను వదిలిపెట్టి సినిమావాళ్ల మీద గీయమన్నాడు. ఈయన కొన్నాళ్లు గీశాడు. తర్వాత మానేశాడు. సరిగ్గా అప్పుడే నాకు హానోవర్‌లో ఉద్యోగం వచ్చింది, అక్కడ ఉండేందుకు బ్లూ కార్డు వచ్చింది. పాపకు మూడేళ్లు. "పోదాం పా. బొమ్మలు ఏడనన్న గీయొచ్చు" అన్నాడు. నిజంగానే నమ్మి అన్నాడు, నేనూ నమ్మాను.

లిండెన్ అనే పేటలో మూడో అంతస్తులో ఇల్లు దొరికింది. నేను ఆఫీసుకు వెళ్తే ఆయన పాపను కీటాలో, అంటే అక్కడి పసిపిల్లల బడిలో దింపి, భాష క్లాసుకు వెళ్లి, వచ్చి వంట చేసేవాడు. నిబ్బు, నల్లసిరా సీసా వంటింటి బల్ల మీద పెట్టుకున్నాడు. మొదటి వారంలోనే ఒక రోజు చక్కెర పొట్లాన్ని పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"గిది తెరిచి ఎన్నొద్దులాయె? ఒక్క చీమ రాలే."

"మూడో అంతస్తుకు ఏం చీమలొస్తయ్?" అన్నాను.

"మన దిక్కు ఐదో అంతస్తుకు సుత వస్తయ్."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ నవ్వు తర్వాత ఆయన పొట్లాన్ని మడిచి పెట్టిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ఆఖరి అలమర మూసినట్టు మూశాడు.

గీశాడు, గీయక కాదు. ట్రాముల మీద, అద్దె ఇళ్ల మీద, ఆఫీసులో టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంట్ కోసం, ఎదురుచూసి ముసలివాడైపోయే మనిషి మీద. చూసిన ప్రతి ఒక్కరూ గీత బాగుందన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయన హాస్యమంతా కింద రాసే ఒక్క ముక్కలో ఉండేది, ఆ ముక్క మా జిల్లా యాసలో ఉండేది. దాన్ని జర్మన్‌లోకి మార్చితే అది ఒక సమాచారంలా మిగిలేది. భాష క్లాసులో ఆయనకు వచ్చిన జర్మన్ డాక్టర్ దగ్గరికీ దుకాణానికీ సరిపోయింది. వెక్కిరించడానికి సరిపోలేదు.

పాప స్కూల్లో చేరి, చదవడం రాయడం వచ్చాక సంగతి కాస్త మారింది. ఒక శరత్కాలపు ఆదివారం హిల్డెస్‌హైమ్‌లో స్నేహితుల ఇంటికి రైల్లో వెళ్తున్నాం. పొలాల అంచున, రోడ్డు పొడవునా, మట్టిరంగు దుంపలు గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి.

"గవి ఏందివి?" అన్నాడు.

"త్సుకర్‌రూబెన్, పప్పా" అంది పాప. "వాటితో చక్కెర చేస్తారు."

ఆయన కిటికీకి ముఖం ఆనించాడు. మరుసటి వారం నుంచి పాప స్కూలు నుంచి రాగానే ఇద్దరూ ఆ పొలాల వైపు పోయేవాళ్లు. ఒక దుంపల రైతుతో స్నేహం కుదిరింది. పెద్దాయన, రబ్బరు బూట్లు, మోటు చేతులు. పాప మధ్యలో నిలబడి ఆయన జర్మన్‌ను ఈయనకు, ఈయన తెలుగును ఆయనకు అందించేది. సముద్రం అవతలి దేశాల చక్కెరకు సుంకం తగ్గిస్తారని అప్పుడు గొడవగా ఉంది. రైతులు ట్రాక్టర్లతో ఊరేగింపుకు సిద్ధమవుతున్నారు. ఈయన సాయంత్రం ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా, "ఈడ సుత గదే కథనే! గదే గేటు!" అన్నాడు. చాలా కాలానికి ఆ ముఖంలో వెలుగు చూశాను. ఆ రాత్రి అన్నం మాడింది, ఎవరం పట్టించుకోలేదు.

చీమ మళ్లీ వచ్చింది. ఈసారి నల్ల సూటు వేసుకుని, సముద్రపు గేటు పక్కన చక్కెర బస్తా మీద కూర్చుంది. నడుముకు తాళంచెవి. దేశాలు ఎన్నయినా గేటు తెరిచేదీ మూసేదీ చక్కెర బేరగాడే అని ఆయన ఉద్దేశం. కింద ఒక్క వాక్యమే రాద్దామనుకున్నారు. పాప పెన్సిల్ కొరుకుతూ ఆలోచించి జర్మన్‌లో రాసిచ్చింది: "తాళంచెవి నా దగ్గరే ఉంది." బొమ్మను రైతుకు ఇస్తే ఆయన ఫొటో తీసుకుని తనవాళ్లకు పంపాడు.

ఊరేగింపు రోజు నేనూ సెలవు పెట్టి వెళ్లాను. నగరం మధ్యలోకి ట్రాక్టర్లు వరసగా వస్తున్నాయి, హారన్లు మోగిస్తూ. మూడో ట్రాక్టరు ముందు భాగంలో పెద్ద అట్ట మీద మా చీమ ఉంది. తర్వాత ఇంకో ట్రాక్టరు మీద. ఆ తర్వాత ఒక కుర్రరైతు చొక్కా మీద. ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా, నొప్పి పుట్టేలా. "చూసినవా? చూసినవా?" అంటున్నాడు. కళ్లనిండా నీళ్లు.

పెద్దాయన ట్రాక్టరు దిగి వచ్చి ఈయన్ని కౌగిలించుకున్నాడు. ఏదో చెప్పాడు, భుజం తట్టాడు, మళ్లీ ఏదో చెప్పాడు. నాకు అర్థమైంది, కానీ నోరు విప్పలేదు. పాప మామూలుగానే చెప్పేసింది.

"పప్పా, చీమ అంటే వాళ్లేనట. చిన్నది, కానీ రోజంతా పని చేస్తుంది కదా, వాళ్లలాగే. తాళంచెవి వాళ్ల దగ్గరుందట, గేటు తెరవనివ్వరట. మమ్మల్ని ఇంత అందంగా ఎవరూ గీయలేదు అంటున్నాడు."

ఈయన చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. పెద్దాయన నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. ఈయన రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని, "డాంకె" అని థాంక్స్ చెప్పాడు. "డాంకె, డాంకె." అంతకుమించి అనడానికి ఆ భాషలో ఆయనకు మాటల్లేవు. ఉన్నా ఆ మనిషితో చెప్పేవాడు కాదనుకుంటాను.

ట్రాములో పాప అడిగింది, ఏమైందని. "చీమ దొంగ బిడ్డా" అన్నాడు మెల్లగా. పాప ముఖం చిట్లించింది. "ఆమైజె? దొంగా? చీమలు ఫ్లైసిష్ కదా పప్పా, కష్టపడతాయి. స్కూల్లో అలాగే చెప్పారు." ఆయన తలూపాడు. "నువ్వన్నదే నిజం. ఈడ అట్లనే."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ప్రాంతంలో ఇంటింటికీ ఉచితంగా వేసే వారపత్రిక ఒకటుంది. దాని ఎడిటరమ్మ బొమ్మను చూసి పిలిపించింది. చాలా మర్యాదస్తురాలు. ప్రతి వారం చీమను గీయమంది. కష్టజీవి, మంచిది, టోపీ పెడితే ఇంకా ముద్దుగా ఉంటుందంది. అన్నేళ్లుగా ఆయన కోరుకున్న చోటు, పేజీలో కింది మూలే. ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చుని ఒకటి గీశాడు. భుజం మీద దుంప మోస్తూ నవ్వుతున్న చీమ. అచ్చయింది. మా ఆఫీసులో ఒకామె దాన్ని కత్తిరించి తెచ్చి నాకు ఇచ్చి అభినందించింది. ఇంటికి తెచ్చేసరికి ఆయన అదే పేజీ పరుచుకుని దాని మీద ఆలుగడ్డల తొక్క తీస్తున్నాడు.

"ఇంకో వారంది గీయలేదా?" అన్నాను.

"దాన్ని నవ్వించుడు నాతోని కాదే."

తర్వాత సిరా సీసా బల్ల మీద ఉండలేదు. ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు. వంట చేసేవాడు, పాపను ఈతకు తీసుకెళ్లేవాడు, నా టిఫిన్ డబ్బా సర్దేవాడు. ఏ పనిలోనూ లోటు లేదు. ఇంట్లో జోకులు మాత్రం ఆగిపోయాయి. మొదట్లో నేను గమనించలేదు. ఒక రోజు భోజనం దగ్గర స్పూన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడనప్పుడు గమనించాను.

ఊరి నుంచి ఫోను వచ్చింది ఆ చలికాలంలోనే. పాత పేపర్లో పనిచేసిన మిత్రుడు సొంతంగా ఒక చిన్న వారపత్రిక పెట్టాడు. కోతల ముందు మళ్లీ సుంకం తగ్గించారు, రైతులు రోడ్డెక్కారు. "నువ్వు రా అన్న. చీమ లేక జనం పరేషాన్ల ఉన్నరు" అన్నాడట. ఆ మాట నాకు చెబుతూ ఈయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనే అన్నాను.

"పోయి రా. ఒక్క సీజనే కదా."

"పాప?"

"నేను చూసుకుంటా. బడి అయినంక హోర్ట్‌ల ఉంటది కదా."

సీజన్ అయిపోయింది. ఇంకో గొడవ మొదలైంది. రోజూ వీడియో కాల్ చేసేవాడు. వెనక ప్రెస్సు చప్పుడు, ఎవరో పిలుస్తుండేవారు. "వస్త, వస్త" అని అటు తిరిగేవాడు. బయట ఎక్కువ కాలం ఉంటే ఇక్కడి పర్మిట్ రద్దవుతుందని మా ఇద్దరికీ తెలుసు. ఏడాది గడువు దగ్గరకొచ్చింది. నేను టికెట్ సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. గడువు ముగిసే రోజు ఫోనులో చాలాసేపు పాప స్కూలు గురించి, ఇంట్లో హీటర్ గురించి మాట్లాడుకున్నాం. చివర్లో ఆయన అన్నాడు:

"నామీద కోపమున్నదా?"

"లేదు" అన్నాను. నిజంగానే లేదు. ఉంటే కాస్త తేలికగా ఉండేది.

కొన్నాళ్లకు చిరునామాలు నమోదు చేసే బ్యుర్గర్ ఆఫీసుకు వెళ్లి ఆయన ఇక్కడ ఉండటం లేదని చెప్పాను. కౌంటర్‌లో కుర్రాడు ఎక్కడికి మారారని అడిగితే ప్రెస్సు మీది గది చిరునామా చెప్పాను. స్పెల్లింగ్ మళ్లీ చెప్పమన్నాడు. నిదానంగా, ఒక్కో అక్షరం చెప్పాను. తర్వాతి మనిషిని పిలిచాడు.

పోయిన అక్టోబర్‌లో, బడి సెలవులకు, పాపను తీసుకుని మా జిల్లాకు వెళ్లాను. బస్టాండులో మా కోసం నిలబడి ఉన్నాడు, ఇంకా బక్కచిక్కి, గడ్డం నెరిసి. చాయ్ హోటలు దగ్గర ఎవరో ముసలాయన ఈయన్ని ఆపి, ఆ వారం బొమ్మ కింది మాటను యాసతో సహా అప్పజెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఈయన కూడా తల వెనక్కి వంచి నవ్వాడు. పాప నోరు తెరుచుకుని వాళ్ల నాన్నను చూసింది. అలా నవ్వే మనిషి ఆయనలో ఉన్నాడని దానికి తెలియదు. నాకు తెలుసు. పెళ్లి బంతిలో నేను చూసిన మనిషి ఈయనే. లిండెన్ వంటింట్లో ఏళ్ల తరబడి నా పక్కనున్న మనిషి గుర్తొచ్చి గుండె పగిలింది.

తిరిగి వచ్చే రోజు బస్సు దగ్గర మా సంచులు పైకి అందించాడు.

"ఉండిపో అని నేను అనలేను" అన్నాడు. "అక్కడ నీ పని, పాప చదువు."

"అనకు. రా అని నేను కూడా అనను."

"ఎరుకే."

పాప తల నిమిరాడు. అది వాళ్ల నాన్నను గట్టిగా పట్టుకుంది. ముఖం ఆయన చొక్కాలో దాచుకుని జర్మన్‌లో ఏదో అంది. ఆయనకు వినపడలేదో అర్థం కాలేదో, "ఆఁ బిడ్డా, ఆఁ" అన్నాడు. బస్సు కదిలాక ఏమన్నావని అడిగాను. చెప్పనంది.

ఊరు దాటాక అది నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది. నేను మేడ్చల్ వచ్చేదాకా ఏడ్చాను. కండక్టరు ఒకసారి చూసి, ముందుకెళ్లి, తన సీట్లో అటు తిరిగి కూర్చున్నాడు.